కనబడని చిల్లి



నేను పండితుడను కాను. ఇండ్లలో గాలిని చల్లబరచు యంత్రములను, మనమందరము ఏసీలని పిలుచుకొను వానిని, బాగుచేసి జీవించువాడను. ముప్పదియేండ్లుగా ఇదియే నా వృత్తి. ఇంతకాలములో నేను మిక్కిలి తరచుగా విన్న మాటయు, సిగ్గు విడిచి చెప్పవలసినచో మిక్కిలి తరచుగా అన్న మాటయు ఒక్కటే: "గ్యాసు అయిపోయినది." ఈ మాటలో ఒక దోషము కలదు. దానిని నాకు ఎత్తి చూపినవారు నా చిన్నతనమున ఉన్నత పాఠశాలలో నాకు లెక్కలు చెప్పిన మాస్టారు. ఆ వృత్తాంతమునే నేడు మీకు విన్నవించుచున్నాను.

మాస్టారి గ్రామము పల్నాటిసీమలోనిది. అక్కడి వేసవి యెట్టిదో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. నాపరాళ్ల నేల రాత్రి రెండు జాములు గడచినను వేడి విడువదు. వారి తల్లిగారికి తొంబదియేండ్లు దాటినవి. మామ్మగారు ఒక వేసవిలో వడదెబ్బ తగిలి స్పృహ తప్పగా, వైద్యుడు ఆమె పడుకొను గదిని చల్లగా ఉంచవలెనని గట్టిగా చెప్పెను. అందువలన మాస్టారు తమ పింఛనులో కూడబెట్టిన సొమ్ముతో 2019వ సంవత్సరమున ఒకటిన్నర టన్నుల ఏసీని కొని పెట్టించిరి. రెండు వేసవులు అది చక్కగా పనిచేసెను. 2022 ఏప్రిలులో చల్లదనము తగ్గినదని నాకు కబురు వచ్చినది. నేను పోయి, గేజి తగిలించి చూచి, గ్యాసు అయిపోయినదని చెప్పి, నింపి, సొమ్ము పుచ్చుకొని వచ్చితిని. 2023 మార్చిలో మరల కబురు. మరల నింపితిని, మరల పుచ్చుకొంటిని. అదే సంవత్సరము మే నెల నడిమి దినములలో మూడవ కబురు వచ్చినది.

నేను సిలిండరు భుజాన వేసికొని గుమ్మము తొక్కగానే మాస్టారు పడకకుర్చీలోనుండి, "నాయనా, కూర్చుండుము. నాకొక సందేహము. ఈ గ్యాసనునది కిరసనాయిలు వంటిదా? మండి ఖర్చగునా?" అని యడిగిరి. "కాదండీ" అంటిని. "కానిచో, నీవు పోసిన గ్యాసు ఏమైనది?" అనిరి. నాకు సమాధానము తెలియును. తెలిసియే రెండుమారులు ఆ సంగతి చెప్పక ఊరకుంటిని. నల్లబల్లయొద్ద లెక్క తప్పి నిలుచుండిన పిల్లవానివలె నిలుచుంటిని.

ఈ యంత్రము పనిచేయు విధము కొంచెము చెప్పిననే తక్కిన కథ బోధపడును. కూజాలో నీరు ఏల చల్లబడును? కూజా చెమర్చును, ఆ చెమ్మ ఆవిరియై పోవుచు నీటిలోని వేడిని తనతో కొనిపోవును. వట్టివేళ్ల తడికెల మర్మమును ఇదియే. ఏసీలోను జరుగునది ఈ ఆవిరి వ్యాపారమే. గదిలోని పెట్టెయందు రాగిగొట్టపు చుట్ట యొకటి యుండును. దానిని కాయిలందురు. అందులో ద్రవముగా నున్న గ్యాసు మరిగి ఆవిరియగుచు గదిలోని వేడిని పీల్చుకొనును. బయటి పెట్టెలోని కంప్రెసరు ఆ ఆవిరిని అదిమి మరియొక కాయిలులోనికి త్రోయగా, అది తన వేడిని బయటి గాలికి విడిచి మరల ద్రవమగును. కూజా చెమ్మ గాలిలో కలసి పోవును, కావున కూజాను మరల నింపవలెను. ఏసీలో ఆవిరి యెక్కడికిని పోదు. చుట్టిచుట్టి తిరిగిన గొట్టములలోనే తిరుగును. దారిలో చిల్లి లేనిచో, యంత్రము బ్రదికినన్నాళ్లును మొదట నింపిన గ్యాసే చాలును. అందువలన గ్యాసు తగ్గినదన్నచో, అది కారిపోయినదని యర్థము. మొదటనే తక్కువగా నింపియుండుట యొక్కటియే దీనికి మినహాయింపు.

అయినచో చిల్లిని వెదకి పూడ్చక నావంటివాడు గ్యాసేల నింపును? నింపుట గంట పని. వెదకుట రెండు దినముల పని. నింపినంతనే గది చల్లబడును, ఇంటివారు సంతోషింతురు. మూడు నెలలకు మరల పిలుతురు. ఇంతకంటె నేను చెప్పవలసిన పనిలేదు.

పూర్వము ఈ వెదకుట యింత కష్టము కాదు. తొలినాటి శీతల యంత్రములలో అమ్మోనియా, గంధకపు ఆవిరి మొదలగునవి వాడెడివారు. చిల్లి పడినచో ముక్కే చెప్పెడిది. గంధకపు పుల్ల వెలిగించి గొట్టముల వెంబడి త్రిప్పినచో అమ్మోనియా తగిలినచోట తెల్లని పొగ లేచెడిది. అయితే ఆ విషవాయువులు కారి ఇంటింటివారు చనిపోవుటయు కలదు. అట్టి ప్రమాదములను చూచి ఐన్‌స్టీను మహాశయుడును, సిలార్డు అను ఆయన మిత్రుడును కదలెడి భాగములే లేని రెఫ్రిజిరేటరును కల్పించి 1930లో అమెరికాలో పేటెంటు పొందిరి. అది వాడుకలోనికి రాలేదు. 1928లో మిడ్జిలీ యను రసాయనజ్ఞుడు సహచరులతో గూడి కనిపెట్టిన జాతి గ్యాసులు వాడుకలోనికి వచ్చినవి. వానికి వాసన లేదు, అవి మండవు, ఇంటిలో మనుష్యులను చంపవు. కాని ఆకాశమునందలి ఓజోను పొరను తినివేయునని తరువాత తేలగా, 1987 నాటి మాంట్రియలు ఒడంబడికతో వానికి సెలవు చెప్పుట మొదలైనది. ఆ పాత గ్యాసులలో క్లోరిను ఉండుటచే ఒక విధమైన దీపమును గొట్టముల దగ్గర పట్టినచో జ్వాల పచ్చబడి చిల్లిని చూపెడిది. మాస్టారి యంత్రములోనిది ఆర్-32 అను గ్యాసు. దీనిలో క్లోరిను లేదు, కనుక దీపము పలుకదు. పైగా ఇది తానే కొంత అంటుకొను స్వభావము కలది. కొన్ని యంత్రములలో నున్న ఆర్-290 అయితే మన వంటగ్యాసు జాతిదే, భగ్గున మండును. కావున ఎవడైనను అగ్గిపుల్ల గీచి చిల్లి వెదకెదనన్నచో వానిని మీ యింటి గడప త్రొక్కనీయవలదు.

ఆనాడు మాస్టారితో, "ఈసారి గ్యాసు నింపను. చిల్లి దొరకువరకు ఇక్కడనే యుందును. కూలి వలదు. కాని రెండు దినములు మామ్మగారికి చల్లదనముండదు" అంటిని. మామ్మగారు లోపలినుండి విని, "నేను పుట్టినప్పుడు ఈ మరలున్నవా నాయనా? తడికెలు కట్టించుము, చాలును" అనిరి. ఆమె ధైర్యమునకేమి గాని, నాకు మాత్రము గుండెలో రాయి పడినది. నడవలోనికి మంచము మార్చి, ద్వారములకు వట్టివేళ్ల తడికెలు కట్టి, వానిని తడుపుటకు మాస్టారి మనుమని నియమించితిమి. గంటకొక గ్లాసు మజ్జిగ ఆమెచే త్రాగించు భారము కోడలుగారు వహించిరి.

మొదట కన్నుతో చూచితిని. గ్యాసుతోపాటు కంప్రెసరు నూనె కొంచెము గొట్టములలో తిరుగుచుండును. గ్యాసు కారుచోట ఆ నూనెయు చెమర్చి, దానిపై దుమ్ము అంటి, జిడ్డుమచ్చ యేర్పడును. బయటి పెట్టెలో అట్టి మచ్చ యెక్కడను లేదు. లోపలి కాయిలు అద్దమువలె శుభ్రముగా నున్నది. ఏల ఉండదు? రెండుమారులును సర్వీసని చెప్పి దానిని నీటిజల్లుతో కడిగినవాడను నేనే. దొంగ యడుగుజాడలను తుడిచి పిదప దొంగకై వెదకినట్లయినది.

తరువాత సబ్బునీరు. చిక్కగా కలిపిన సబ్బునురుగును నాలుగు నట్టులకును పూసి, దీపము పట్టి, ఒక్కొక్కదానివద్ద ఐదేసి నిమిషములు కూర్చుంటిని. పది యిండ్లలో చిల్లి వెదకినచో పెక్కింటిలో అది ఈ నట్టులవద్దనే దొరకును. గొట్టపు కొనను గంటవలె విప్పార్చి బిగించునప్పుడు అంచు పగిలినను, బలము చూపుటకై అతిగా బిగించినను అక్కడ కారును. మాస్టారి యింట నాలుగు నట్టులును నిక్షేపముగా నున్నవి.

పిమ్మట వాసన పట్టెడి ఎలక్ట్రానిక్ పరికరమును తీసితిని. దానిని ప్రయోగించుటకు ఒక పద్ధతి కలదు. ఫ్యాను నడచుచుండగా పట్టినచో గ్యాసు చెదరిపోవును గనుక యంత్రమును ఆపవలెను. గ్యాసు గాలికంటె బరువైనది గనుక ప్రతి అతుకునకును క్రిందివైపున, చీమ నడచినంత మెల్లగా జరుపవలెను. లోపలి పెట్టె క్రింద నీరు దిగు తొట్టివద్దకు రాగానే అది కీచుమనినది. ఆ గదిలో తెల్లవారుజామున దోమలమందు చల్లినారని నాకు తెలియును. ఇట్టి మందులకును ఆ పరికరము అరచుట నేను చూచియున్నాను. "ఇది దోమలమందు వాసన" అని తేల్చి దానిని పెట్టెలో పెట్టితిని. అది నిజమే చెప్పినదని మరునాడు గాని నాకు తెలియలేదు. తలుపులు తెరచి, గాలి ఆడనిచ్చి, గంట తరువాత మరియొకసారి పట్టియుండినచో ఒక పగలు మిగిలియుండెడిది. మామ్మగారు ఎండలో వేగుచుండగా ఒక పగలనగా చిన్న సంగతి కాదు.

ఇక మిగిలినది నత్రజని పరీక్ష. యంత్రములోని మిగిలిన గ్యాసును వేరు సిలిండరులోనికి లాగి, గొట్టములన్నిటిలో పొడి నత్రజనిని పలకమీద వ్రాసిన హద్దునకు లోబడి నింపి, గేజి ముల్లు దిగునేమో కనిపెట్టుచుండవలెను. నత్రజని అంటుకొనదు, తేమ తేదు. దీనికి బదులు వెల్డింగు దుకాణమునుండి ఆక్సిజను తెచ్చి నింపు సాహసులు కొందరు కలరు. ఆక్సిజను కంప్రెసరు నూనెతో కలిసినచో బాంబు ప్రేలినట్లు ప్రేలును. ఇట్టి సిలిండరు మీ యింటికి వచ్చినప్పుడు అది యేమి వాయువో అడుగుటకు మొగమాటపడవలదు.

మధ్యాహ్నము మూడు గంటలకు, నీడలో 38 డిగ్రీలున్నప్పుడు, చదరపు అంగుళమునకు 300 పౌండ్ల ఒత్తిడి నింపితిని. సైకిలు చక్రములో 50 పౌండ్లుండుట మీరెరుగుదురు, దానికి ఆరు రెట్లన్నమాట. తెల్లవారుజామున ఐదుగంటలకు చూడగా గేజిలో 284 ఉన్నది. "పదునారు పౌండ్లు పోయినవి! చిల్లి యున్నది!" అని కేకవేసితిని. మాస్టారు కండ్లజోడు సవరించుకొని, "తొందరపడకుము. ఇప్పుడు ఉష్ణమెంత?" అనిరి. 27 డిగ్రీలు. వారు వాకిట ముగ్గుపిండితో నేలమీదనే లెక్క వేసిరి. గేజి చూపు సంఖ్యకు మన చుట్టునున్న గాలి ఒత్తిడి 15 పౌండ్లు కలుపవలెను, 315. డిగ్రీలకు 273 కలుపవలెను, నిన్న 311, నేడు 300. ఒత్తిడి ఉష్ణముతోపాటు అదే పాలున తగ్గును గనుక 315ను 300తో గుణించి 311తో భాగింపగా సుమారు 304. అందులో 15 తీసివేయగా 289. "చిల్లి లేకున్నను చలువచేతనే పదునొకండు పౌండ్లు తగ్గును. నిజముగా పోయినవి ఐదే" అనిరి. ముప్పదియేండ్లుగా గేజి చూచుచున్న నేను ఈ లెక్క ఎన్నడును వేయలేదు. ఉదయము నింపి మధ్యాహ్నము చూచినచో ఎండకు ముల్లు పైకి ప్రాకి చిన్న చిల్లిని కప్పిపుచ్చును. ఆ విధముగా ఎన్ని యిండ్లలో లేదనుకొని వచ్చితినో!

చిల్లి యున్నదని తేలినది. ఎక్కడ? అప్పుడు యంత్రమును మూడు తునకలుగా విడదీసితిని: లోపలి కాయిలు, గోడవెంట పోవు గొట్టములు, బయటి పెట్టె. ఒక్కొక్కదానికి బిరడాలు బిగించి, వేరువేరుగా 300 పౌండ్లు నింపి, మరియొక పగలు రేయి వేచియుంటిమి. ఆ రేయి మామ్మగారికి నిద్రపట్టలేదు. రెండుమారులు తడిగుడ్డతో ఒడలు తుడిచిరి. నేను అరుగుమీద పండుకొని ఆమె మూలుగు వినుచుంటిని. ఒక సిలిండరు గ్యాసు పోసి ఈ రాత్రి గడపిన బాగుండునేమోయని నా మనస్సు నన్ను పీకినది. ఆమె లేచి అడిగియున్నచో పోసియుందును. ఆమె అడుగలేదు.

తెల్లవారుజామున అదే 27 డిగ్రీలలో చూచితిమి. బయటి పెట్టె 289. గోడ గొట్టములు 289. మాస్టారి లెక్కకు వెంట్రుకవాసి తేడా లేదు. లోపలి కాయిలు 272. మొదటినాడు ఐదుపౌండ్లే చూపిన చిల్లి ఇప్పుడు పదునేడు చూపుటకు కారణము సులభము. మొత్తము యంత్రములో చోటు ఎక్కువ, కాయిలులో చోటు తక్కువ. చెరువునకు పడిన బుంగ ఒక పూటలో కనబడదు, అదే బుంగ బానకు పడినచో క్షణములో కనబడును.

కాయిలును గోడనుండి దింపి, నత్రజనితోనే పశువుల కుడితితొట్టిలో మంచినీరు నింపించి ముంచితిమి. సైకిలు పంక్చరు చూచు తీరే. చుట్టును మాస్టారు, మనుమడు, పాలేరు, పొరుగువారు. కొంతసేపు రేకులలో చిక్కిన గాలి వచ్చి ఆగినది. పిదప కాయిలు వెనుకప్రక్క, అల్యూమినియపు రేకుల సందులోనుండి జొన్నగింజంత బుడగ యొకటి లేచినది. రెండు క్షణములకు మరియొకటి. అక్కడనే, అదే తీరున మరల మరల. రేకుల లోపల దాగిన గొట్టమునకు సబ్బునీరు ఎట్లు చేరును? రేకులను చీల్చి చూచినను కంటికి చిల్లి యగుపడలేదు. రాగిమీద నల్లని చుక్క మాత్రమున్నది.

ఆ గొట్టపు తునకను కోసి పట్టణములో ఒక కళాశాల ప్రయోగశాలకు కొనిపోయితిని. అక్కడి అధ్యాపకుడు దానిని అడ్డముగా కోసి, నునుపుచేసి, సూక్ష్మదర్శినిలో చూపెను. రాగిగోడ మందము మిల్లీమీటరులో మూడవవంతు ఉండును. ఆ గోడలో వంకరటింకర సొరంగములు, గదులు, కొమ్మలు; అచ్చముగా చీమలపుట్టను నిలువున కోసినట్లున్నది. పాశ్చాత్యులును ఈ తెగులునకు చీమపుట్ట పేరే పెట్టినారట. రాగిమీద తేమ, గాలిలోని ప్రాణవాయువు, కొంచెము ఫార్మికామ్లమో ఎసిటికామ్లమో కూడినచో ఈ పుట్ట పెరుగును. ఆ ఆమ్లములు ఎక్కడివి? క్రొత్త ప్లైవుడ్డు పలకల జిగురునుండియు, రంగులనుండియు, కొన్ని శుభ్రపరచు ద్రావకములనుండియు వెడలు ఆవిరులవలన పుట్టును. కాయిలుమీద తేమ యెప్పుడును ఉండనే యుండును. మామ్మగారి గదిలో ఏసీ పెట్టించిన మరుసటి సంవత్సరమే గోడనిండుగా ప్లైవుడ్డు బీరువా కట్టించిరి. తలుపులు మూసిన గది. అదియే కారణమని నేను ప్రమాణము చేయజాలను గాని, నా అనుమానము దానిమీదనే.

ఇట్టి కాయిలును అతుకుట వ్యర్థము. ఒక చిల్లి మూసినచో, సగము దూరము త్రవ్వుకొని వచ్చిన వేరొక సొరంగము రేపు తెరచుకొనును. అందువలన క్రొత్త కాయిలు తెప్పించితిమి. గొట్టములలోని గాలిని, తేమను పంపుతో లాగి శూన్యముచేసి, ఆ శూన్యము నిలుచునట్లు చూచి, పలకమీద వ్రాసిన 900 గ్రాములను తూకము వేసి నింపితిని. అంతకుముందు రెండుమారులును గేజి చూచి ఉజ్జాయింపుగా నింపియుంటిని. మూడేండ్లలో గాలిలో కలసిన గ్యాసు కిలోకు పైగా నుండును. ఆర్-32 ఒక కిలో భూమిని వేడిచేయుటలో బొగ్గుపులుసు గాలి 675 కిలోలతో సమానమని లెక్కకట్టినారు. 2016లో కిగాలీ పట్టణమున దేశములన్నియు ఇట్టి గ్యాసులనుగూడ తగ్గించుకొందుమని ఒప్పుకొనిరి, మన దేశము 2021లో దానిని ధ్రువపరచినది. ఒక గది చల్లబరచుటకై ఊరివేడిని పెంచినవారిలో నేనును ఒకడనని మాస్టారు అనలేదు. లెక్క మాత్రము వేసి చూపిరి.

క్రొత్త కాయిలు ఖరీదు వారు ఇచ్చిరి. మొదటి రెండుమారులు నేను పుచ్చుకొన్న సొమ్మును అందులో తగ్గించితిని. వారు వలదనలేదు. బీరువా తలుపులు తెరచి, ప్రతిదినము ఉదయము కిటికీలు తీసి గదికి గాలి ఆడనిచ్చుచున్నారు.

మరుసటి వేసవిలో, 2024 మే నెలలో, పిలువకయే పోయి చూచితిని. చల్లదనములో లోపము లేదు. గేజి తగిలించినచో తీయునప్పుడు కొంత గ్యాసు పోవునని తగిలింపక, గదిలోనికి వచ్చు గాలిని, పోవు గాలిని ఉష్ణమాపకముతో చూచితిని. పదునాలుగు డిగ్రీల తేడా యున్నది. మామ్మగారు మెడవరకు దుప్పటి కప్పుకొని నన్ను చూచి, "నాయనా, మరను బాగుచేయుట నీవేనా? కొంచెము చెరచిపొమ్ము, కాళ్లు కొంకర్లు పోవుచున్నవి" అనిరి.